మలేరియా మళ్లీ మళ్లీ ఎందుకు వస్తుంది? మత్తుకు "అలవాటు పడటం" కూడా వ్యాధినిరోధకతేనా?

గుణుపూర్ నుంచి ఒక తల్లి అడిగిన ప్రశ్న ఇది. వారి అమ్మాయి ప్లస్ టూ సైన్సు రెండో సంవత్సరం చదువుతోంది. ఒకసారి వచ్చిన రోగాన్ని శరీరం గుర్తుపెట్టుకుంటుందని, రెండోసారి దాన్ని వేగంగా ఎదుర్కొంటుందని పాఠంలో ఉంది. ఆ పిల్లకు చిన్నప్పుడు ఒక్కసారి ఆటలమ్మ పోసింది, మళ్లీ రాలేదు. మలేరియా మాత్రం మూడేళ్లలో నాలుగుసార్లు వచ్చింది. ఇమ్యూనిటీ తక్కువైందేమోనని మందుల షాపులో ఒక టానిక్ కొన్నారు. అదే పాఠం చివర గంజాయి, సారా గురించిన భాగం చదువుతుంటే, వరసకు అన్నయ్య అయ్యే కుర్రవాడు "అలవాటైతే శరీరమే తట్టుకుంటుంది, అదీ ఒక ఇమ్యూనిటీయే" అన్నాడట. ఈ రెండింటికీ ఏం జవాబు చెప్పాలని అడిగారు.

సూటిగా చెబుతాను అమ్మా. మలేరియా మళ్లీ మళ్లీ రావడం మీ అమ్మాయి వ్యాధినిరోధక శక్తి తక్కువని చెప్పే ఆధారం కాదు. ఆ పరాన్నజీవి స్వభావమే అంత. మత్తుకు అలవాటు పడటం వ్యాధినిరోధకత కానే కాదు. అది దానికి పూర్తిగా వేరైన, హాని వైపు నడిచే మార్పు. మన వాడుకలో రెండింటికీ "తట్టుకోవడం" అనే ఒకే మాట ఉండటం వల్ల ఈ చిక్కు వచ్చింది. నేను వైద్యుణ్ణి కాను. పర్లాకిమిడిలో 27 ఏళ్లుగా ప్లస్ టూ పిల్లలకు జీవశాస్త్రం చెబుతున్నాను, ఈ పాఠాన్ని ఏటా చెబుతున్నాను. ఇంగ్లీషులో చదివి, స్నేహితులతో ఒడియాలో మాట్లాడి, ఇంట్లో తెలుగులో ఆలోచించే మన పిల్లలకు ఇక్కడే తడబాటు వస్తుందని గమనించాను.

ముందు ఆటలమ్మ సంగతి. శరీరంలో బి, టి అనే రెండు రకాల లింఫోసైట్లు (ఒక తరహా తెల్ల రక్తకణాలు) ఉంటాయి. కొత్త సూక్ష్మజీవి ప్రవేశించినప్పుడు దాని ఉపరితలం మీది ప్రోటీన్ల ఆకారానికి సరిపోయే కణాలు ఎంపికై, విభజన చెంది, ప్రతిరక్షకాలను (యాంటీబాడీలను) తయారుచేయడానికి వారం పది రోజులు పడుతుంది. రోగం తగ్గాక ఆ కణాల్లో కొన్ని స్మృతి కణాలుగా మిగిలిపోతాయి. రెండోసారి అదే ఆకారం కనిపిస్తే రెండు మూడు రోజుల్లోనే, ఎక్కువ మొత్తంలో ప్రతిరక్షకాలు తయారవుతాయి. గుర్తుంచుకోవలసింది ఏమిటంటే, ఈ జ్ఞాపకం రోగం పేరుకు సంబంధించింది కాదు, ఒక ఆకారానికి సంబంధించింది. ఆటలమ్మ వైరస్ తన ఆకారాన్ని పెద్దగా మార్చుకోదు. పైగా అది శరీరంలో ప్రవేశించాక పొక్కులు పైకి రావడానికి సుమారు రెండు వారాలు తీసుకుంటుంది. స్మృతి కణాలకు కావలసింది రెండు మూడు రోజులే కనుక వైరస్ బలపడేలోపే వాటి పని అయిపోతుంది. అంతమాత్రాన ఆ వైరస్ శరీరం నుంచి పూర్తిగా వెళ్లిపోయిందనుకోకూడదు; నాడీకణాల ముడుల్లో నిద్రాణంగా ఉండి, పెద్ద వయసులో సర్పి రూపంలో ఒక పక్కన పట్టీలా పైకి రావచ్చు. ఒక్కసారే వచ్చే రోగమని మనం అనుకునేది కూడా అంత ఒక్కసారి కాదన్నమాట.

మలేరియా దగ్గర ఈ లెక్క తప్పడానికి నాకు తెలిసి నాలుగు కారణాలున్నాయి. అన్నీ పాఠ్యపుస్తకంలో ఉండవు.

మొదటిది వేగం. ఆడ ఎనాఫిలిస్ దోమ లాలాజలంతో వచ్చిన స్పోరోజాయిట్లు (పరాన్నజీవి తొలి రూపాలు) గంట తిరిగేసరికి కాలేయ కణాల్లోకి చేరిపోతాయి. రెండు రోజుల్లో సిద్ధమయ్యే సైన్యం గంటలో దాక్కునే శత్రువును రక్తంలో పట్టుకోలేదు.

రెండోది దాక్కునే చోటు. కాలేయం నుంచి బయటపడ్డ పరాన్నజీవి ఎర్ర రక్తకణంలో దూరుతుంది. మన ఇతర కణాల్లో వైరస్ గానీ మరొకటి గానీ చేరితే ఆ కణం లోపలి ముక్కలను తన ఉపరితలం మీద ప్రదర్శిస్తుంది, సంహారక టి కణాలు వాటిని చూసి ఆ కణాన్ని చంపేస్తాయి. పరిణతి చెందిన ఎర్ర రక్తకణానికి కేంద్రకం లేదు, ఆ ప్రదర్శన ఏర్పాటూ లేదు. సంహారక టి కణం దాని పక్కనుంచే వెళుతుంది గానీ లోపల ఎవరున్నారో దానికి తెలియదు.

మూడోది వేషం. మలేరియా పరాన్నజీవుల్లో ఫాల్సిపారం అనే రకం తాను చేరిన ఎర్ర రక్తకణం పైపొర మీద ఒక ప్రోటీన్‌ను నిలుపుతుంది. ఆ కణం రక్తనాళం గోడకు అతుక్కుని, పాడైన కణాలను వడకట్టే ప్లీహానికి చిక్కకుండా ఉండటానికి ఆ ప్రోటీన్ ఉపయోగపడుతుంది. ఇలా అతుక్కోవడం మెదడులో జరిగితే ప్రాణం మీదికి వస్తుంది. ఆ ప్రోటీన్‌ను తయారుచేసే జన్యువులు ఒక్కో పరాన్నజీవిలో 60 వరకు ఉన్నాయి, ఒక సమయంలో ఒకటే పనిచేస్తుంది. తరగతిలో నేను పాతపట్నం చెక్‌పోస్టును ఉదాహరణగా చెబుతాను. ఎర్ర చొక్కావాణ్ణి పట్టుకోమని పోలీసులకు ఫొటో అందేసరికి వాడు నీలం చొక్కా వేసుకుని దర్జాగా దాటిపోతాడు. వాడి సంచిలో 60 చొక్కాలున్నాయి, పక్క ఊరివాడి సంచిలో మరో 60 వేరే చొక్కాలున్నాయి.

నాలుగోదే మీ అమ్మాయి విషయంలో అన్నిటికంటే ముఖ్యమైనది కావచ్చు. వైవాక్స్ అనే మరో రకంలో కొన్ని పరాన్నజీవులు కాలేయంలో నిద్రపోతాయి. రక్తంలో ఉన్నవి మందుతో చచ్చిపోయి జ్వరం తగ్గుతుంది, అటక మీద పడుకున్నవి మాత్రం అలాగే ఉంటాయి. కొన్ని వారాల తరువాతో, నెలల తరువాతో అవి లేస్తాయి. కొత్తగా దోమ కుట్టనవసరం లేదు. అంటే "నాలుగుసార్లు వచ్చింది" అన్నది నాలుగు వేర్వేరు సోకులు కాకపోవచ్చు. ఒకే సోకు మూడుసార్లు తిరగబెట్టి ఉండవచ్చు.

ఈ నాలుగో కారణాన్ని నేను పుస్తకంలో కంటే ముందు ఒంటి మీద నేర్చుకున్నాను. 2003 వర్షాకాలంలో నాకు వైవాక్స్ వచ్చింది. మూడు రోజుల క్లోరోక్విన్‌తో పాటు కాలేయంలో నిద్రపోయేవాటిని చంపే ప్రైమాక్విన్‌ను పద్నాలుగు రోజులు వేసుకోమని ఇచ్చారు. జ్వరం నాలుగో రోజుకే పోయింది, ఆ మాత్ర వేసుకుంటే కడుపులో తిప్పేది, అయిదో రోజు మానేశాను. మలేరియా పరాన్నజీవి ప్లాస్మోడియం జీవితచక్రాన్ని నల్లబల్ల మీద రంగు సుద్దలతో గీసి చెప్పే మనిషిని చేసిన పని ఇది. రెండున్నర నెలల తరువాత పరీక్ష హాలులో నిలబడి ఉండగా చేతిలోని జవాబు పత్రాల కట్ట టపటపమని కొట్టుకోవడం మొదలైంది. కిటికీలోంచి గాలి వస్తోందనుకున్నాను. ముందు బెంచీ పిల్ల లేచి "సార్, మీ పళ్లు కొట్టుకుంటున్నాయి" అంది. అది కొత్త దోమకాటు కాదని నేను రుజువు చేయలేను గానీ, పూర్తిగా పద్నాలుగు రోజులు మందు వాడిన తరువాత ఆ జ్వరం నాకు తిరిగి రాలేదు.

కాబట్టి మీరు ముందు చూడవలసింది టానిక్ సీసా కాదు, పాత రక్తపరీక్ష చీటీలు. ఆశా దీదీ వేలు పొడిచి కిట్టు మీద చుక్క వేసినప్పుడు పీఎఫ్ (ఫాల్సిపారం) గీత వచ్చిందా, పీవీ (వైవాక్స్) గీత వచ్చిందా అన్నది రాసి ఉంటుంది. పీఎఫ్ అయితే ఆర్టిమిసినిన్ కలిసిన మందు మూడు రోజులు, ప్రైమాక్విన్ ఒక్క మోతాదు ఇస్తారు. పీవీ అయితే క్లోరోక్విన్ మూడు రోజులు, ప్రైమాక్విన్ 14 రోజులు ఇస్తారు. ఆ 14 రోజులూ పూర్తిచేశారా లేదా అన్నది అమ్మాయిని నిలదీయకుండా నెమ్మదిగా అడగండి. నాలాగే మానేసి ఉంటే భయపడి చెప్పదు. ఒక జాగ్రత్త ఉంది. జీ6పీడీ అనే ఎంజైము పుట్టుకతో లోపించినవారిలో ప్రైమాక్విన్ ఎర్ర రక్తకణాలను పగలగొడుతుంది. మందు వాడుతుండగా మూత్రం నల్లటి టీ డికాషన్ రంగులో వచ్చినా, కళ్లు పచ్చబడినా మందు ఆపి వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. గర్భిణులకు ఆ మందు ఇవ్వరు. మందు, మోతాదు నిర్ణయించవలసింది వైద్యులే.

కిట్టు గురించి మరో మాట. నా విద్యార్థి ఒకడికి ఫాల్సిపారం తగ్గిన పన్నెండో రోజున మామూలు జలుబు జ్వరం వస్తే మళ్లీ కిట్టు పరీక్ష చేయించారు. పీఎఫ్ దగ్గర పెన్సిలుతో గీసినంత సన్నగా, లేతగా ఒక గీత వచ్చింది. మందు పనిచేయలేదని ఇంట్లో ఏడుపులు మొదలయ్యాయి. రక్తపు చుక్కను సూక్ష్మదర్శిని కింద చూసే స్లైడు పరీక్షలో ఏమీ కనబడలేదు. ఆ కిట్టు గుర్తించేది పరాన్నజీవిని కాదు, అది విడిచిన ఒక ప్రోటీన్‌ను. పరాన్నజీవి చచ్చిన తరువాత కూడా ఆ ప్రోటీన్ కొన్ని వారాలపాటు రక్తంలో తిరుగుతుంటుంది. మీ నాలుగుసార్లలో ఒకటి ఇలాంటిది కూడా కావచ్చు.

ఇంత చెప్పాక, మలేరియాకు వ్యాధినిరోధకతే రాదని అనుకోవద్దు. వస్తుంది, కానీ అది అసంపూర్ణమైనది, నిలకడ లేనిది. ఏళ్ల తరబడి పదేపదే సోకినవారిలో పరాన్నజీవి రక్తంలో ఉంటుంది గానీ జ్వరం ఉండదు. సెరంగో వైపు కొండల నుంచి వచ్చి మా కాలేజీ హాస్టల్లో ఉన్న పిల్లల్లో ఇలాంటివారిని చూశాను: హాయిగా ఫుట్‌బాల్ ఆడుతుంటారు, స్లైడు తీస్తే పాజిటివ్ వస్తుంది. ఒడిశా ప్రభుత్వం 2017లో మొదలుపెట్టిన దమన్ కార్యక్రమంలో జ్వరం ఉన్నా లేకపోయినా కొండ ఊళ్లలో అందరికీ రక్తపరీక్ష చేయడానికి కారణం ఇదే. జ్వరం లేనివాడి నుంచి కూడా దోమ పరాన్నజీవిని తీసుకెళ్తుంది. ఆ ప్రాంతం విడిచి కేరళకో సూరత్‌కో పనికి వెళ్లి రెండు మూడేళ్లకు తిరిగి వచ్చినవారిలో ఆ రక్షణ సన్నగిల్లి ఉంటుంది, మళ్లీ గట్టిగా పడతారు. మన ప్రాంతంలో కనిపించే సికిల్ సెల్ జన్యువు ఒక్క ప్రతి మాత్రమే ఉన్నవారికి తీవ్రమైన ఫాల్సిపారం నుంచి కొంత రక్షణ ఉంటుందని 1954లోనే ఆలిసన్ అనే శాస్త్రవేత్త చూపారు. అయితే అది పుట్టుకతో వచ్చిన రక్తకణపు లక్షణం, స్మృతి కణాల పని కాదు. పరీక్షలో ఈ రెండింటినీ కలిపి రాస్తే మార్కులు పోతాయి.

మిగతా రోగాలకూ ఈ తేడా వర్తిస్తుంది. జలుబుకు కారణమైన రైనో వైరస్‌లలోనే వందకు పైగా రకాలున్నాయి కనుక ఏటా వస్తుంది. టైఫాయిడ్ వచ్చి తగ్గినా మళ్లీ రావచ్చు. ధనుర్వాతం నుంచి బతికి బయటపడ్డవారికి కూడా రక్షణ ఏర్పడదు, ఎందుకంటే ప్రాణం తీయగల ఆ విషం మోతాదు నిరోధక వ్యవస్థను మేల్కొల్పడానికి సరిపోనంత తక్కువ. అందుకే 10, 16 ఏళ్ల వయసులో టీడీ టీకా వేస్తారు. మలేరియా టీకాల మాటకొస్తే, ఆర్‌టీఎస్,ఎస్ టీకాను 2021లో, పూణెలోని సీరం ఇన్‌స్టిట్యూట్ తయారుచేసే ఆర్21ను 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసింది. నాలుగు మోతాదులు కావాలి, వాటి రక్షణ కూడా పాక్షికమే. మశూచికి 1796లో జెన్నర్ మొదలుపెట్టిన పని 1980 నాటికి ఆ రోగాన్నే లేకుండా చేసింది, మలేరియాకు ఇప్పుడిప్పుడే టీకా చేతికొచ్చింది. పైన చెప్పిన నాలుగు కారణాలే అందుకూ కారణం.

టానిక్ గురించి కూడా నా అభిప్రాయం చెబుతున్నాను: ఆ డబ్బుతో దోమతెర కొనండి. వ్యాధినిరోధకత సీసాలో పోసి పెంచే ఒకే ఒక శక్తి కాదు. మరీ పెరిగితే మంచిదనుకోవడమూ పొరపాటే. అవసరం లేనిచోట అది చెలరేగడమే ఎలర్జీ, సొంత కణాలనే పరాయివనుకోవడమే రుమటాయిడ్ కీళ్లవాతం వంటి స్వయం ప్రతిరక్షక వ్యాధులు. పోషకాహార లోపం ఉంటే నిరోధకత తగ్గుతుందన్నది నిజం. అమ్మాయి పాలిపోయినట్లుంటే హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి. మలేరియా పదేపదే వస్తే రక్తహీనత రావడం మామూలు.

ఇక రెండో ప్రశ్న. ఆ కుర్రవాడి మాటను కొట్టిపారేయకుండా జవాబు చెప్పాలి, ఎందుకంటే అతను చూసిన సంగతి నిజమే, దానికి చెప్పుకున్న అర్థం తప్పు. మొదట్లో ఒక్క దమ్ముకే తల తిరిగినవాడికి కొన్నాళ్లకు ఏమీ అనిపించదు. దీన్ని సహనం అంటారు. గంజాయిలో మత్తునిచ్చే పదార్థమైన టీహెచ్‌సీ మెదడులోని కన్నబినాయిడ్ గ్రాహకాలకు, అంటే సంకేతాలను అందుకునే ప్రోటీన్లకు, అతుక్కుంటుంది. ఆ గ్రాహకాలు గంజాయి కోసం పుట్టినవి కావు. మన శరీరమే తయారుచేసుకునే కొన్ని పదార్థాల కోసం ఉన్నవి. వాటిలో ఒకదాన్ని 1992లో కనుగొన్నప్పుడు సంస్కృతంలోని ఆనందం అనే మాట నుంచి దానికి ఆనందమైడ్ అని పేరు పెట్టారు. బయటి నుంచి టీహెచ్‌సీ రోజూ వచ్చి పడుతుంటే మెదడు తన గ్రాహకాల సంఖ్యను తగ్గించుకుంటుంది. ఠాకురాణి యాత్ర రోజుల్లో ఇంటి ఎదురుగా పెద్ద మైకు మోగుతుంటే మనం చెవుల్లో దూది పెట్టుకుంటాం. మైకు ఆగినా దూది తీయకపోతే పక్కనున్నవాళ్ల మాట వినబడదు. మత్తు లేని రోజున చిరాకు, నిద్ర పట్టకపోవడం, అన్నం సహించకపోవడం, దేనిమీదా ఆసక్తి లేకపోవడం ఇలా వచ్చేవే. మానేస్తే కొన్ని వారాల్లో ఆ గ్రాహకాలు చాలావరకు తిరిగి వస్తాయి. ఈ మాట పిల్లలకు తప్పక చెప్పాలి, చాలామంది "ఇక అయిపోయింది" అనుకుని ఊరుకుంటారు.

వ్యాధినిరోధకతలో శరీరం బయటి వస్తువును గుర్తించి తొలగిస్తుంది. సహనంలో దాన్ని తొలగించదు, తన వినికిడినే తగ్గించుకుంటుంది. హాని అలాగే కొనసాగుతుంది, దాన్ని తెలిపే గంట మాత్రం మూగబోతుంది. "నాకు ఎక్కదు" అని గొప్పగా చెప్పేవాడి కాలేయం మిగతావాడి కాలేయం కంటే గట్టిదేమీ కాదు, ఇంకా ఎక్కువ సారాను చూసిన కాలేయం అది. రోజూ తాగేవారి కాలేయంలో కొన్ని ఎంజైములు పెరిగి, జ్వరానికి వేసుకునే పారాసెటమాల్‌ను కూడా ఎక్కువ మోతాదులో విషపదార్థంగా మారుస్తాయి. జ్వరాలు ఎక్కువగా ఉండే మన ఊళ్లలో ఇది చిన్న విషయం కాదు. బ్రౌన్ షుగర్ (కల్తీ హెరాయిన్) విషయంలోనైతే ఈ సహనం తగ్గిపోవడమే ప్రాణం తీస్తుంది: కొన్నాళ్లు మాని మళ్లీ పాత మోతాదే తీసుకున్నవాడికి అప్పటికి సహనం తగ్గిపోయి ఉంటుంది, ఊపిరి ఆగిపోవచ్చు.

"ఆకే కదా, సహజమైనదే కదా" అన్న మాట మా తరగతిలో కూడా ఏటా ఒకరు అంటారు. మోహన, అడవ వైపు కొండల్లో గంజాయి తోటలు నరికిన వార్తలు చదివి పెరిగిన పిల్లలకు అది కొత్త వస్తువు కాదు. ఉమ్మెత్త కూడా సహజమైనదే, పాఠంలో దాని పేరూ ఉంది. దాని గింజలు తిని ఆసుపత్రిపాలైనవారి గురించి పెద్దలను అడగమంటాను. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం ప్రకారం గంజాయి పూత, కాయ ఉన్న కొసలు దగ్గర ఉంచుకోవడం నేరమే, సొంతానికి వాడినా నేరమే. గుడాఖు, జీలుగు కల్లు మాత్రం ఇంట్లో పెద్దల చేతుల్లోనే కనబడతాయి కనుక వాటి గురించి పిల్లలకు చెప్పేటప్పుడు నా గొంతు తగ్గుతుంది. పళ్లకు గుడాఖు రుద్దుకుంటూ కొడుకును గంజాయి మానమనే తండ్రిని చూశాను. ఆ పొగాకు లేపనంలోనూ నికోటిన్ ఉంది, పొద్దున్నే అది లేకపోతే కడుపు కదలదన్నది కూడా ఆధారపడటమే.

నా దగ్గర చదివిన ఒక అబ్బాయి మొదటి సంవత్సరంలో చురుకైనవాడు. రెండో సంవత్సరంలో ప్రాక్టికల్సుకు రావడం మానేశాడు. ఒకరోజు తనంతట తానే వచ్చి, "సార్, ఇదివరకు ఒకటి సరిపోయేది, ఇప్పుడు మూడు కాల్చినా ఏమీ లేదు, బాడీ స్ట్రాంగ్ అయిందా?" అని అడిగాడు. ఎగతాళి లేదు ఆ గొంతులో, నిజంగానే సందేహం. దూది ఉదాహరణ ఆ రోజు అతని కోసం వెతుక్కున్నదే. జిల్లా ఆసుపత్రిలో కౌన్సెలింగ్‌కు వెళ్లాడు, మధ్యలో ఒకసారి మళ్లీ మొదలుపెట్టాడు, ఒక సంవత్సరం పోయింది, తరువాత పరీక్ష రాశాడు. మీ బంధువు కుర్రవాడు సరదాకు వాదిస్తున్నాడో, తానే వాడుతున్నాడో నాకు తెలియదు. వాడుతున్నాడని అనుమానం ఉంటే కొట్టడం, గదిలో పెట్టి తాళం వేయడం చేయకండి. 14446 అనే ఉచిత నంబరుకు ఫోన్ చేస్తే వ్యసన విముక్తికి సలహా ఇస్తారు.

ఈ భాగాలన్నీ ఒకే పాఠంలో ఎందుకు ఉన్నాయని కూడా అమ్మాయి అడగవచ్చు. సూదులు పంచుకునేవారికి హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి సోకుతాయి. హెచ్‌ఐవీ ప్రధానంగా దెబ్బతీసేది నిరోధక వ్యవస్థను నడిపించే సహాయక టి కణాలనే. పొగ శ్వాసనాళాల్లోని సన్నటి శైలికలను పనిచేయకుండా చేస్తుంది, అతిగా తాగేవారికి క్షయ సోకే ముప్పు ఎక్కువ. వేర్వేరు అధ్యాయాల్లో పెడితే ఈ సంబంధం కనబడదు.

పరీక్షకు సంబంధించి ఒక సూచన: మలేరియా చలిజ్వరం మూడు నాలుగు రోజులకోసారి వస్తుందని పుస్తకంలో ఉంది, హీమోజోయిన్ అనే విషపదార్థం విడుదలను కారణంగా చెబుతుంది. ఫాల్సిపారం, వైవాక్స్ రకాల్లో ఎర్ర రక్తకణాలు పగిలేది సుమారు 48 గంటలకోసారి. తెలుసుకోవడానికి ఇది, జవాబు పత్రంలో పుస్తకంలోనిది.

ఈ మన్యపు జ్వరానికీ మన పర్లాకిమిడికీ పాత లెక్క ఒకటి ఉంది. గిడుగు రామమూర్తి పంతులు గారు సవర భాష నేర్చుకోవడానికి కొండ ఊళ్లు తిరిగి మలేరియా తెచ్చుకున్నారు, దానికి వాడిన క్వినైను వల్ల ఆయనకు చెముడు వచ్చింది. ఆనాడు ఉన్న మందు అదొక్కటే. ఈనాడు ఏ రకమో తెలుసుకుని దానికి తగిన మందు వాడే వీలు మనకుంది, కాబట్టి ఆ నాలుగు చీటీలూ వెతికి, ఒక్కోదాని మీద తేదీ, పీవీయా పీఎఫ్‌నా, ప్రైమాక్విన్ ఎన్ని రోజులు రాశారన్నది ఇక్కడ పెట్టండి. రెండు జ్వరాల మధ్య ఎన్ని వారాల ఎడం ఉందో చూస్తే తిరగబెట్టిందా, కొత్తగా సోకిందా అన్నది ఆసుపత్రిలో ఏమని అడగాలో చెప్పగలను.